థార్‌కి 33 అంగుళాల టైర్లు: లిఫ్ట్ 2 చాలా, 4 కావాలా?

చెరువుగట్టు_శీను
మాది ముమ్మిడివరం వైపు. 2022 మహీంద్రా థార్ డీజిల్, ఫోర్ బై ఫోర్, కంపెనీ ఇచ్చిన 245/75 ఆర్16 టైర్లే ఇంకా ఉన్నాయి. రొయ్యల చెరువులు తారు రోడ్డు నుంచి రెండున్నర కిలోమీటర్లు లోపలికి, దారంతా గట్టే. ఎండాకాలం స్కూటీ కూడా పోతుంది. వాన పడిందా, రేగడి మట్టి బంకలా పట్టుకుంటుంది. మొన్న అల్పపీడనానికి మూడు రోజులు వదలకుండా కురిసింది. రాత్రి ఒంటిగంటకి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోయాయని కాపలా కుర్రాడు ఫోన్ చేశాడు. డీజిల్ క్యాన్లు వేసుకుని బయల్దేరితే సగం దారిలో బండి పొట్ట ఆనుకుని కూర్చుండిపోయింది. నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి, అంగుళం కదల్లేదు. క్యాన్లు భుజాన వేసుకుని నడిచి వెళ్ళేసరికి ఒక చెరువులో రొయ్య తేలిపోయింది. ఆ నష్టం ఇంకా ఇంట్లో పూర్తిగా చెప్పలేదు.

అందుకే టైర్లు మారుద్దామని నిర్ణయించుకున్నా. రాజమండ్రిలో ఒక షాపాయన 285/75 ఆర్16 (అదే 33 అంగుళాల ఎత్తు టైరు) వేసి 4 అంగుళాల లిఫ్ట్ (స్ప్రింగులు మార్చి బండిని పైకి లేపడం) పెట్టేద్దాం, ఇక ఎక్కడా ఆగదు అంటున్నాడు. భీమవరంలో ఇంకొకాయన 2 దాటితే ముందు యాక్సిల్ షాఫ్టులు పోతాయి అంటున్నాడు. ఎవరి మాట వినాలో తేలడం లేదు. వాడినవాళ్ళు చెప్పండి.

లంకలో_థార్
4 వద్దు, 3 పెట్టండి. నాది సేమ్ బండి. 285/70 ఆర్17, 3 అంగుళాల లిఫ్ట్, రెండేళ్ళయింది. లంకలో ఇసుక, బురద అన్నీ తిరుగుతున్నా. చూడ్డానికి కూడా బండి బండిలా ఉంటుంది.

కోనసీమ_జిమ్నీ
ముందు టైరు తేల్చుకోండి, తర్వాతే లిఫ్ట్. లిఫ్ట్ అనుకుని దానికి సరిపడా టైరు వెతకడం అంటే చెప్పు కొని కాలు వెతుక్కోవడమే.

స్పానర్_బాబ్జీ
శీనుగారూ, ఒక్క మాట చెప్పండి. పొట్ట ఆనింది అన్నారు. ఏది ఆనింది? వెనక హౌసింగా (వెనక ఇరుసు మధ్యలో గేర్లుండే గుండ్రటి ఇనప పెట్టె), మధ్యలో గేర్‌బాక్స్ కింద క్రాస్ మెంబరా (ఛాసిస్ అడ్డ దిమ్మ), లేకపోతే ముందు బంపర్ కింద ప్లేటా? ఇది తెలియకుండా 2, 4 అని మాట్లాడుకోవడం దండగండి. పాలకొల్లులో ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నా. లిఫ్ట్ పెట్టించుకుని, మళ్ళీ అదే చోట దిగబడి వచ్చినవాళ్ళని చాలామందిని చూశా.

చెరువుగట్టు_శీను
చీకట్లో చూడలేదు బాబ్జీగారూ. ట్రాక్టరు లాగేసింది, అంతే. దారి ఇంకా అలాగే ఉంది, రేపు పొద్దున్న వెళ్ళి చూసి చెప్తా.

పాత_జీపు_రాజుగారు
నాది 1994 ఎంఎం540. ముందూ వెనకా కమాన్ పట్టీలు, 6.00-16 సన్న టైర్లు. ఇదే కోనసీమలో ఈ జీపుతో ముప్ఫై ఏళ్ళు వానాకాలం దాటాను. లిఫ్టూ లేదు, 33 లేదు. రేగడిలో వెడల్పు టైరు వేస్తే పైపైన జారుతుంది. సన్న టైరు మట్టిని కోసుకుని కింద గట్టి పొర మీద నిలబడుతుంది. దమ్ము చక్రాలకి ఇనప రెక్కలు ఎందుకు పెడతారు? కింద మట్టిని పట్టుకోవడానికే కదా.

అంబాజీపేట_కాయ
రాజుగారూ, దమ్ము చక్రం వెడల్పు కూడా చూడండి. ట్రాక్టరు మునిగిపోకుండా ఆపేది ఆ వెడల్పే. గట్టి పొర అరడుగు లోతులో ఉంటే మీ మాట కరెక్టు. మా వైపు కొన్ని చోట్ల గడపార గుచ్చితే మూడడుగులు దిగిపోతుంది, గట్టి పొర తగలదు. అక్కడ సన్న టైరు వేస్తే జీపుని వెతుక్కోవాలి.

పాత_జీపు_రాజుగారు
మూడడుగులు దిగే చోటికి టైరు ఏదైనా ఒకటేనయ్యా. అక్కడ పడవో, ట్రాక్టరో.

అంబాజీపేట_కాయ
అది మాత్రం నిజం.

మారేడుమిల్లి_బాట
మేము ఎక్కువగా ఏజెన్సీలో తిరుగుతాం, అక్కడ రాళ్ళు. రాళ్ళలో లిఫ్ట్ పనికొస్తుంది, మెట్టు ఎక్కేటప్పుడు బంపరూ, దిగేటప్పుడు మధ్య పొట్టా తగలకుండా ఉంటాయి. థార్‌కి కంపెనీ చెప్పిన గ్రౌండ్ క్లియరెన్స్ 226 మి.మీ., ముందు కోణం (బంపర్ తగలకుండా ఎక్కగల వాలు) 41.8 డిగ్రీలు, మధ్య కోణం (పొట్ట తగలకుండా దాటగల దిబ్బ వాలు) 27 డిగ్రీలు. ముందు కోణం చాలా బాగుంది, బలహీనం మధ్యదే. డెల్టాలో మీకు రాయి లేకపోయినా పంట బోదెలు ఉన్నాయి కదా. బోదె గట్టెక్కి దిగేటప్పుడు తగిలేది ఆ మధ్య భాగమే. అక్కడ అంగుళంన్నర లేపినా తేడా తెలుస్తుంది.

గోదారి_వకీలు
ఒక విషయం ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ కేసులో ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ(4) కింద యజమానికి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. దారిలో ఆపేవాడి సంగతి అటుంచండి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయరు మొదట చూసేది టైరు సైజు, తర్వాత సస్పెన్షన్. అవతలి మనిషికి దెబ్బ తగిలిందంటే ఆ క్లెయిము మీ ఆస్తి మీదకి వచ్చే ప్రమాదం ఉంది. అదే మోడల్‌కి కంపెనీయే పై వేరియంట్‌లో ఇచ్చిన సైజు వేసుకుంటే ఇబ్బంది తక్కువ. థార్‌కి అలా 255/65 ఆర్18 ఉంది.

లంకలో_థార్
వకీలుగారూ, రోడ్డు మీద నా బండిని ఇంతవరకూ ఎవరూ ఆపలేదండి.

గోదారి_వకీలు
ఆపకపోవడం మీ అదృష్టం, ఆపకుండానే ఉండాలని కోరుకుంటా. నా దగ్గరికి వచ్చినవాళ్ళని కూడా అంతకుముందు ఎవరూ ఆపలేదు. నేను వద్దని అనడం లేదు, లెక్కలో వేసుకోండి అంటున్నా.

చెరువుగట్టు_శీను
పొద్దున్నే టేపు పట్టుకుని వెళ్ళొచ్చా. బాబ్జీగారి ప్రశ్నకి జవాబు దొరికింది.

మా గట్టు మీద రొయ్యల మేత ట్రాక్టర్లు తిరిగి రెండు వైపులా గాళ్ళు పడ్డాయి. గాడి లోతు కొలిస్తే 29 సెంటీమీటర్లు వచ్చింది. రెండు గాళ్ళకీ మధ్య మట్టి దిబ్బలా లేచి ఉంది. ఆ దిబ్బ నెత్తిన ఎనిమిది గజాల పొడవున నున్నగా ఒక చాలు పడింది, గుండ్రంగా, అచ్చం కుండ అడుగు లాక్కుపోయినట్టు. నేను కూర్చుండిపోయిన చోటికి వచ్చి ఆగింది ఆ చాలు. దాని పక్కన అక్కడక్కడ కొంచెం నూనె మరక కూడా ఉంది. బండి కింద పడుకుని చూస్తే వెనక హౌసింగ్ అడుగున ఎండిన మట్టి పెచ్చు అరచేతి మందాన ఉంది. మధ్య క్రాస్ మెంబరుకి ఏమీ అంటలేదు.

స్పానర్_బాబ్జీ
చూశారా! ఇక మీ ప్రశ్న మారిపోయిందండి.

వెనక హౌసింగ్ చక్రాలకి బిగించి ఉంటుంది. మీరు స్ప్రింగులు మార్చి 4 అంగుళాలు కాదు, 10 అంగుళాలు లేపినా బాడీ లేస్తుంది, ఛాసిస్ లేస్తుంది, హౌసింగ్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దాన్ని పైకి లేపేది ఒక్క టైరే. అది కూడా పెరిగిన వ్యాసంలో సగమే. లెక్క చూడండి. 245/75 ఆర్16 వ్యాసం 774 మి.మీ., 265/75 ఆర్16 అయితే 804, 285/75 ఆర్16 అయితే 834. అంటే 265 వేస్తే హౌసింగ్ 15 మి.మీ. లేస్తుంది, 285 వేస్తే 30 మి.మీ. అంతే. మూడు సెంటీమీటర్ల కోసం మొత్తం ఖర్చు.

థార్ ముందు మాత్రం కథ వేరు. ముందు విడి సస్పెన్షన్, డబుల్ విష్‌బోన్. ముందు డిఫరెన్షియల్ (చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె) ఛాసిస్‌కి వేలాడుతుంది కాబట్టి లిఫ్ట్ పెడితే అదీ పైకి పోతుంది. కానీ అక్కడి నుంచి చక్రానికి వెళ్ళే షాఫ్టులు కిందకి వాలుగా తిరగాలి. వాలు పెరిగేకొద్దీ జాయింట్లు వేడెక్కుతాయి, రబ్బరు బూట్లు చిరుగుతాయి, గ్రీజు కక్కేస్తాయి. చిరిగిన బూటులోకి మన చెరువుల ఉప్పునీరు పోయిందా, ఇక జాయింటు నెలల్లో పోతుంది. భీమవరం ఆయన చెప్పింది ఇదే. 4 పెట్టాలంటే డిఫరెన్షియల్‌ని కిందకి దించే బ్రాకెట్లు, పై ఆర్ములు, పొడుగు బ్రేక్ పైపులు అన్నీ మార్చాలి. డిఫరెన్షియల్ దించాక ముందు మీరు లేపిందెంత?

చెరువుగట్టు_శీను
ఇది నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదండి. షాపాయన బండి మొత్తం లేస్తుంది అన్నాడు.

కాలవగట్టు
బాబ్జీగారి పోస్టు పిన్ చేయండి ఎవరైనా.

లంకలో_థార్
బాబ్జీ అన్నా చెప్పింది కాదనను. నా బండికి ముందు కుడి బూటు ఒకసారి, పై బాల్ జాయింట్లు రెండూ ఒకసారి మార్చా. మొదటి పోస్టులో చెప్పాల్సింది. మైలేజీ 12 నుంచి 10కి పడింది. కానీ లిఫ్ట్ లేకుండా 33 వేస్తే టైరు తగులుతుంది కదా, మరి దానికేం చేస్తారు?

స్పానర్_బాబ్జీ
తగలడం రెండు రకాలు తమ్ముడూ. స్టీరింగ్ మొత్తం తిప్పినప్పుడు టైరు భుజం వెనక మడ్‌గార్డు ప్లాస్టిక్‌కో, ముందు బంపర్ మూలకో తగలడం ఒకటి. అది టైరు వెడల్పు వల్ల, రిమ్ము బయటికి తోసుకొచ్చిన ఆఫ్‌సెట్ వల్ల. లిఫ్ట్‌తో అది పోదు. రెండోది, ఒక చక్రం గుంట అంచున పైకి నొక్కుకున్నప్పుడు టైరు నెత్తి లోపల తగలడం. లిఫ్ట్ పెట్టినా సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు చక్రం పాత చోటికే వస్తుంది. దాన్ని ఆపాలంటే బంప్ స్టాపులు (చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మలు) పెంచాలి, లేదా ప్లాస్టిక్ కోసుకోవాలి. లిఫ్ట్ అన్నది మామూలుగా నిలబడ్డప్పుడు ఖాళీ చూపిస్తుంది, అసలు అవసరమైనప్పుడు కాదు. అందుకే షాపులో బండి నిలబెట్టి, చూడండి ఎంత ఖాళీయో అంటే నమ్మకండి.

కోనసీమ_జిమ్నీ
నా అనుభవం చెప్తా. జిమ్నీకి కంపెనీ సైజు 195/80 ఆర్15. మొదట 215/75 ఆర్15 వేశా, లిఫ్ట్ లేకుండా హాయిగా సరిపోయింది. తర్వాత ఆశపుట్టి 235/75 ఆర్15, 2 అంగుళాల స్ప్రింగులు. జిమ్నీకి ముందూ వెనకా రెండూ మొద్దు యాక్సిళ్ళే (రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు), షాఫ్టు గొడవ లేదు అనుకున్నా. కానీ మొద్దు యాక్సిల్‌కి ఇంకో రోగం. లేపేసరికి యాక్సిల్ కొంచెం ముందుకి తిరిగి క్యాస్టర్ (స్టీరింగ్ తనంతట తాను నేరుగా నిలబడేలా చేసే వాలు) తగ్గింది. రావులపాలెం దాటి హైవే మీద 80లో స్టీరింగ్ తేలిపోయినట్టు, బండి తనిష్టం వచ్చినట్టు అటూ ఇటూ ఊగడం మొదలైంది. క్యాస్టర్ సరిచేసే బుష్‌లు వేయించాకే కుదురుకుంది. ఇంకొకటి, పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్‌ని పక్కకి పోకుండా ఛాసిస్‌కి పట్టి ఉంచే కడ్డీ) పొడవు మార్చకపోతే యాక్సిల్ పక్కకి జరుగుతుంది. నాది ముందు నుంచి చూస్తే ఒక వైపు టైరు బయటికి, ఒక వైపు లోపలికి ఉండేది. వారం రోజులు నా కళ్ళే బాగోలేదనుకున్నా.

నరసాపురం_పంటు
235 వేశాక ఇంజను లాగుతోందా? అది 1.5 పెట్రోలే కదా.

కోనసీమ_జిమ్నీ
బరువు తెలుస్తుంది. బురదలో లో గేరు వేస్తా కాబట్టి సరిపోతోంది. రోడ్డు మీద ఐదో గేరు దాదాపు మర్చిపోయా.

పాత_జీపు_రాజుగారు
జిప్సీ వాళ్ళు పట్టీలని యాక్సిల్ కింద నుంచి పైకి మార్చేస్తే ఒకేసారి 5 అంగుళాల దాకా లేస్తుంది. మా ఊళ్ళో ఒకాయన చేయించాడు. ఎక్కడానికి వాళ్ళావిడకి ముక్కాలి పీట వేయాల్సొచ్చింది. నెల తిరక్కుండా మళ్ళీ కిందకి దింపించాడు.

మారేడుమిల్లి_బాట
రాజుగారూ, షాకిల్ (కమాన్ పట్టీ కొసని ఛాసిస్‌కి తగిలించే బిళ్ళ) పొడుగు చేసే పద్ధతి గురించి కూడా చెప్పండి, చాలామంది అదే చేయించుకుంటున్నారు.

పాత_జీపు_రాజుగారు
చవకగా అయిపోతుందని చేయిస్తారు. షాకిల్ 2 అంగుళాలు పెంచితే బండి లేచేది 1 అంగుళమే, ఎందుకంటే పట్టీకి ఒక కొసే లేస్తుంది. పైగా యాక్సిల్ తిరుగుతుంది, స్టీరింగ్ పాడవుతుంది. పట్టీలు అరిగి చదునైపోయి ఉంటే కొత్త కట్ట వేయించండి. దాంతోనే పోయిన ఎత్తు తిరిగొస్తుంది.

కాలవగట్టు
ఎత్తు గురించి ఇంతమంది మాట్లాడారు, పడిపోవడం గురించి ఎవరూ మాట్లాడలేదు. మా బావది లిఫ్ట్ చేసిన బండి, 3 అంగుళాలు, పెద్ద టైర్లు. చెరువు గట్టు మీద ఎదురుగా మేత ట్రాక్టరు వస్తే పక్కకి తీశాడు. గట్టు అంచు లోపల ఎండ్రకాయలు బొరియలు పెట్టి డొల్ల చేశాయి. పైకి గడ్డి, చూస్తే గట్టిగానే ఉంది. ఎడమ చక్రాలు జానెడు దిగాయి. మామూలు బండైతే అలా వాలి ఆగేదేమో. అది ఆగలేదు, మెల్లగా, చూస్తుండగానే చెరువులోకి పక్కకి ఒరిగింది. అద్దం దింపి ఉంది కాబట్టి బావ బయటికి వచ్చాడు. నీళ్ళు నడుం లోతే, అయినా తలుపు తోస్తే రాలేదంట. ఆ రోజు వెనక సీట్లో పిల్లలు ఉండాల్సింది, బడికి సెలవు ఇవ్వలేదని రాలేదు.

ఎత్తు పెంచేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. మనవి కొండలు కావు, గట్లు. మన దారికి రెండు పక్కలా నీళ్ళే.

చెరువుగట్టు_శీను
కాలవగట్టు అన్నా, చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. మా గట్టు పైవెడల్పు పదడుగులు కూడా ఉండదు. మా చిన్నాడు కూడా ఆదివారాలు నాతో వస్తాడు.

అంబాజీపేట_కాయ
బావగారు బాగానే ఉన్నారా ఇప్పుడు?

కాలవగట్టు
బాగున్నాడు. అదే బండి, అదే గట్టు. లిఫ్ట్ మాత్రం తీసేశాడు.

నరసాపురం_పంటు
నాకు వేరే డౌటు. మాకు వరదలప్పుడు కాజ్‌వేలు మునుగుతాయి. లిఫ్ట్, స్నార్కెల్ (ఇంజనుకి పై నుంచి గాలి తెచ్చే గొట్టం) ఉంటే దాటొచ్చు కదా? థార్‌కి 650 మి.మీ. నీళ్ళలో వెళ్ళొచ్చని కంపెనీయే చెప్పింది.

అంబాజీపేట_కాయ
ఆ పని మాత్రం చేయకండి. ఆ 650 నిలవ నీళ్ళకి. గోదారి నిలవ నీళ్ళు కాదు. రెండడుగుల పారే నీళ్ళు కారుని ఎత్తుకుపోతాయి. పెద్ద టైరు అంటే లోపల ఇంకా ఎక్కువ గాలి, ఇంకా తొందరగా తేలుతుంది. 2022 జూలై వరదలో ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక 17.75 అడుగులు దాటి ఎంత పైకి పోయిందో అందరం చూశాం. మా మేనత్తగారిది కనకాయలంక. కాజ్‌వే మునిగిన రోజు ఆ ఊళ్ళో ట్రాక్టరు ఉన్నవాడు కూడా పడవే ఎక్కుతాడు.

స్పానర్_బాబ్జీ
నిలవ నీళ్ళలో దిగేవాళ్ళు కూడా బ్రీదర్ పైపు (హౌసింగ్ లోపలి గాలి వచ్చిపోయే సన్న గొట్టం) చూసుకోండి. తిరిగి తిరిగి వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్ళలో దిగేసరికి లోపల గాలి ముడుచుకుని నీళ్ళని పీలుస్తుంది. వారం తర్వాత నట్టు విప్పితే ఆయిలు మజ్జిగలా కారుతుంది. బ్రీదర్‌కి నాలుగడుగుల గొట్టం తగిలించి బానెట్ లోపలికి తెచ్చి కట్టేస్తే చాలు. ఇది లిఫ్ట్ కంటే ముందు చేయించాల్సిన పని.

శీనుగారూ, నూనె మరక అన్నారు, మర్చిపోకండి. వెనక హౌసింగ్ ఆయిలు లెవెల్ ముందు చూపించండి.

లంకలో_థార్
పాత చక్రానికీ కొత్తదానికీ బరువు తేడా చాలామందికి తెలీదు. నేను మా ఊరి రొయ్యల కాటా మీద పెట్టి తూచా. రిమ్ముతో కలిపి ఒక్కో చక్రం పాతదాని కంటే 11 కిలోలు ఎక్కువ. స్టెప్నీ వెనక తలుపుకి వేలాడుతుంది కదా, తలుపు కీళ్ళు కిర్రుమంటున్నాయి. బ్రేకు కూడా ముందులా పట్టదు, కాస్త ముందే తొక్కాలి. మీటరు 80 చూపిస్తే నిజానికి 85 పైనే పోతున్నా.

చెరువుగట్టు_శీను
మరి మీరు మళ్ళీ కొంటే ఏం చేస్తారు?

లంకలో_థార్
నిజం చెప్పాలంటే 265 వేసి ఊరుకుంటా. నాకు ఇసుక ఎక్కువ. ఇసుకలో నన్ను బయటపడేసింది 33 కాదు, గాలి తగ్గించడం. 35 పీఎస్‌ఐ నుంచి 18కి దించితే టైరు పొడుగ్గా పరుచుకుంటుంది, బండి తేలికగా లేచిపోతుంది. తిరిగి రోడ్డెక్కేముందు గాలి పెట్టుకోవాలి, చిన్న కంప్రెసర్ డిక్కీలో ఉండాల్సిందే.

కోనసీమ_జిమ్నీ
రేగడిలో గాలి తగ్గిస్తే అంత లాభం ఉండదు, 25 దాకా చాలు. అక్కడ అసలు సమస్య టైరు గాళ్ళు మట్టితో నిండిపోయి బోడిగుండు అవడం. మడ్ టెర్రైన్ టైరుకి గాళ్ళు దూరం దూరంగా ఉంటాయి కాబట్టి తిరిగేటప్పుడు మట్టిని విసిరేస్తుంది. ఆల్ టెర్రైన్‌లో ఇరుక్కుపోతుంది. కాకపోతే తడి తారు మీద మడ్ టెర్రైన్ జారుతుంది, శబ్దం కూడా ఎక్కువ.

స్పానర్_బాబ్జీ
265/75 ఆర్16 ఎవరైనా తెలిసినవాళ్ళ దగ్గర ఒక జత అడగండి శీనుగారూ. ముందు రెండు చక్రాలకీ వేసి ఇంటి దగ్గరే పరీక్ష చేసుకోండి. ఒక ముందు చక్రాన్ని రెండడుగుల ఎత్తు ఎక్కించి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి, రివర్సులో కూడా. రెండో చక్రానికీ అలాగే. తగిలిన చోట మీకే కనపడుతుంది.

చెరువుగట్టు_శీను
చేశానండి. అమలాపురంలో స్నేహితుడి దగ్గర 265/75 ఆర్16 మడ్ టెర్రైన్ జత తెచ్చా, తన రిమ్ములు కంపెనీవే. దొడ్లో కొబ్బరి దుంగలు మెట్లలా పేర్చి కుడి చక్రం ఎక్కించా. అమ్మ ముగ్గుపిండి డబ్బా తీసుకెళ్ళి తడి చేసి టైరు భుజాలకి పూశా. స్టీరింగ్ మొత్తం ఎడమకి తిప్పి వెనక్కి తీస్తే సర్రుమని శబ్దం వచ్చింది. దిగి చూస్తే లోపలి ప్లాస్టిక్ మీద, వెనక మూలలో, బొటనవేలంత తెల్లటి గీత. రెండో వైపూ అదే చోట. నెత్తి మీద ఎక్కడా ముగ్గు అంటలేదు, బంపర్‌కీ అంటలేదు. లిఫ్ట్ లేకుండానే.

నిలబెట్టి చూస్తే మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య ఖాళీ తగ్గి బండి కొంచెం బరువుగా కనిపిస్తోంది. అంతే తేడా.

స్పానర్_బాబ్జీ
ఆ మూల ప్లాస్టిక్‌ని హీట్ గన్‌తో వేడి చేసి వెనక్కి నొక్కండి, లేదా రెండు క్లిప్పులు తీసి లాగి కట్టండి. కోయనక్కర్లేదు. లిఫ్ట్ మీకు అవసరం లేదు. బోదెలు దాటే పని ఎక్కువుంటే అప్పుడు 1.5 అంగుళాలు, అది కూడా మంచి స్ప్రింగులూ షాకబ్జార్బర్లూ కలిపి మార్చుకోండి. షాకబ్జార్బర్ అదే ఉంచి స్ప్రింగు పైన బిళ్ళ ఇరికించే పని వద్దు. అలా చేస్తే గుంటలో చక్రం వేలాడిన ప్రతిసారీ ఠంగుమని కొట్టుకుంటుంది.

మారేడుమిల్లి_బాట
నేను ఇంకా 1.5కే ఓటు. మీరు ఎప్పుడైనా మా వైపు వస్తారు కదా, అప్పుడు అడుగుతారు.

పాత_జీపు_రాజుగారు
ఆయన రొయ్యల చెరువుకి వెళ్ళాలయ్యా, కొండెక్కడానికి కాదు. శీనూ, నీ వయసువాళ్ళకి చెప్తే వినరుగానీ, గాడి లోతు 29 సెంటీమీటర్లు అన్నావు. 265తో హౌసింగ్ లేచేది సెంటీమీటరున్నర. మళ్ళీ ఆనుతుంది. ఆ మధ్య దిబ్బ తీయించు. ట్రాక్టరు వెనక బ్లేడు కట్టి రెండుసార్లు లాగితే పోతుంది. మీ గట్టు మీద తిరిగే మేత ట్రాక్టర్ల వాళ్ళనే అడుగు, గాళ్ళు వేసింది వాళ్ళే.

అంబాజీపేట_కాయ
రాజుగారికి నా ఓటు. ఇంకొకటి, మరీ మెత్తగా ఉన్న చోట కొబ్బరి డొక్కలు పోయించండి. గ్రావెల్ పోస్తే రేగడి ఒక వానకే మింగేస్తుంది. డొక్కలు అడుగున చాపలా అల్లుకుని తేలుతాయి, రెండు మూడు వానాకాలాలు ఆగుతాయి. మా తోట దారి అలాగే నిలబెట్టాం. నాకు చెప్పండి, ట్రాక్టరు కిరాయి ఇచ్చుకుంటే చాలు, డొక్కలు ఊరికే పంపిస్తా.

గోదారి_వకీలు
265/75 కూడా కంపెనీ లిస్టులో లేదు, అది మాత్రం రాసి పెట్టుకోండి. పాత టైర్లు, రిమ్ములు అమ్మకండి. ఫిట్‌నెస్‌కో, దూర ప్రయాణానికో మార్చుకోవచ్చు.

చెరువుగట్టు_శీను
అందరికీ పేరుపేరునా. కాయగారూ, మీకు ఫోన్ చేస్తున్నా.

చెరువుగట్టు_శీను
మూడు వారాల తర్వాత రాస్తున్నా. నాలుగు టైర్లూ 265/75 ఆర్16 మడ్ టెర్రైన్ వేయించా. లిఫ్ట్ లేదు. వెనక హౌసింగ్ డ్రెయిన్ నట్టు దగ్గర కారుతోంది, బాబ్జీగారు చెప్పకపోతే చూసేవాణ్ణి కాదు. ఆయిలు మార్పించి, బ్రీదర్ గొట్టం పైకి తెప్పించా. మేత ట్రాక్టరు ఆయన బ్లేడు కట్టి మధ్య దిబ్బ లాగేశాడు, డబ్బు తీసుకోలేదు. కాయగారి డొక్కలు రెండు ట్రక్కులు దించాం, బాగా మెత్తగా ఉండే అరవై గజాల మేర. మిగిలిన డబ్బుతో చెరువు దగ్గర జనరేటర్‌కి కరెంటు పోగానే తనంతట తానే స్టార్టయ్యే ప్యానెల్ పెట్టించా.

నిన్న రాత్రి వాన పడింది. పదకొండింటికి నేనే కావాలని వెళ్ళా. 4హెచ్‌లో (నాలుగు చక్రాలూ లాగేది, లో గేరు కాదు), రెండో గేరు, గాలి 25. డొక్కల మీద బండి మంచం మీద నడిచినట్టు ఊగుతూ వెళ్ళింది. మలుపు దగ్గర మాత్రం వెనక చక్రం గట్టు అంచు వైపు అడుగున్నర జారింది. యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ అటే తిప్పితే నిలబడింది. గుండె ఝల్లుమంది. అక్కడ కూడా డొక్కలు వేయాలి.

కాలవగట్టు
ఆ మలుపులో అంచున కర్రలు పాతి తెల్ల గుడ్డ కట్టండి. రాత్రి అంచు ఎక్కడో తెలుస్తుంది.

చెరువుగట్టు_శీను
పొద్దున్నే అదే పని అన్నా. సరుగుడు కర్రలు ఆరు తెప్పించా.

అంబాజీపేట_కాయ
ఇంకో ట్రక్కు డొక్కలు గురువారం పంపిస్తా. ట్రాక్టరు మీరే చూసుకోండి.